పీచులంక జట్టు, గెలుపు లెక్కలు

పీచులంకవాళ్ళకి తమ తెలివంటే మహా గర్వం. "మా ఊళ్ళో బుర్ర లేనివాడు పుట్టలేదండి, ఆయ్. పుట్టినా మేం గుర్తుపట్టలేదు," అనేవాడు గవర్రాజు. ఈ కథ చెప్పేవాడి ఊరికీ పీచులంకకీ మధ్య ఒక్క కాలవే అడ్డం, అదీ వేసవిలో ఎండిపోతుంది. అందుచేత మరీ గట్టిగా నవ్వడానికి లేదు.

పీచులంకలో అందరిదీ కొబ్బరికాయలు ఒలిచే పని. నేలలో పాతిన గునపం మొన మీద కాయ గుచ్చి ఒక్క మెలిక తిప్పితే డొక్క ఊడి పక్కన పడాలి. ఓసారి జిల్లా నుంచి ఆటల ఆఫీసరు గారొకాయన వచ్చి, వీళ్ళు బరువైన కాయల్ని ఒకరికొకరు విసురుకోవడం చూసి ముచ్చటపడ్డాడు. "ఇంత బలం పెట్టుకుని రగ్బీ ఆడరేంటయ్యా?" అని, రెండు చివర్లా కోసుగా ఉన్న బంతి ఒకటి గవర్రాజు చేతిలో పెట్టి, "ముందు దీనికి చెయ్యి అలవాటు చేసుకోండి," అని వెళ్ళిపోయాడు.

గవర్రాజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చెయ్యి అలవాటు చేసుకోమన్నారు కదా! అంతే, గునపం మీద గుచ్చి మెలిక తిప్పాడు. బంతి బుస్సుమంది.

"గాలికాయ అన్నయ్యా," అన్నాడు తమ్ముడు పేర్రాజు జాలిగా. "గుజ్జు పట్టకముందే కోసేశారు పాపం."

ఆఫీసరు గారు రెండో బంతి పంపించారు. అది తెచ్చినవాడి చేత, "ఇది కాయ కాదు" అని ఊరందరి ముందూ చెప్పించారు. ఆట కూడా నేర్పించారు. ఆటంటే పెద్ద చిక్కేమీ లేదు. బంతి పట్టుకుని పరిగెత్తి అవతలి గీత దాటి నేలకి ఆనించాలి. ఎదుటివాళ్ళు అడ్డం వచ్చి నడుం పట్టి పడేస్తారు. పడేశాక వదిలెయ్యాలి. బంతిని ముందుకి విసరకూడదు గాని, కాలితో తన్నుకోవచ్చు.

ఇంకేముంది! ఊరి చివర ఖాళీ స్థలం మైదానమైంది, ఏడుగురు కలిసి జట్టైంది, గవర్రాజు కెప్టెనయ్యాడు. ఇంట్లో పెళ్ళాం నూకరత్నం అతన్ని "ఏవయ్యోయ్" అంటుంది. కాయల షావుకారు "ఒరేయ్" అంటాడు. ఆ మైదానంలో మాత్రం తోడబుట్టిన తమ్ముడు కూడా "కెప్టెన్ గారండీ" అనాలి. గవర్రాజుకి ఆ స్థలమంటే ప్రాణం. గీత ఇవతల నిలబడితే ఒరేయ్, గీత దాటి లోపలికి అడుగుపెడితే గారు.

అయితే సర్పంచి తాతారావు గారికీ ఆ స్థలం మీద కన్నుంది. ఆయనకి మైదానంలో మైదానం కనపడదు, రొయ్యల చెరువు కనపడుతుంది. ఓ రోజు జట్టుని పిలిపించాడు.

"ఒరే గవర్రాజూ, ఆట మొదలెట్టిన దగ్గర్నుంచీ ఓడుతూనే ఉన్నారు గదరా. గడ్డి కూడా సిగ్గుపడి మొలవటం మానేసింది. ఇంక మూడు ఆటలు చూస్తాను. కొత్తరేవు జట్టు మీద ఒక్కటి గెలవండి, ఆ స్థలం జోలికి రాను. లేదా, తవ్వించి రొయ్యపిల్లల్ని వదుల్తాను."

"గెలుస్తామండి," అన్నాడు గవర్రాజు. బయటికొచ్చాక గట్టు మీద కూలబడ్డాడు.

"భయమెందుకండీ కెప్టెన్ గారూ?" అన్నాడు దొరబాబు. జట్టులోకెల్లా భారీ మనిషి. నాలుగు కొబ్బరి గెలలు ఎత్తగలడు, రెండు మాటలు కలిపి అర్థం చేసుకోమంటే మాత్రం ఆయాసపడతాడు. "మీ బావగారున్నారు కదా, లెక్కల ఆయన."

గవర్రాజు అక్క మొగుడు విశ్వనాథం కాకినాడలో కాలేజీ మేష్టారు. వానలు, పంటలు, ఓట్లు, ఆటలు, ఏవైనా సరే, జరిగినవన్నీ పోగేసి లెక్కగట్టి అందులో ఏం తేలిందో చెప్పటం ఆయన పాఠం. గవర్రాజు వెంటనే ఫోను చేశాడు.

"బావా, రగ్బీలో ఎలా గెలుస్తారు? లెక్క ప్రకారం చెప్పండి."

"అబ్బో, దాని మీద బోలెడు లెక్కలున్నాయిరా," అన్నాడు బావ ఉత్సాహంగా. ఆయన్ని లెక్కలు అడిగేవాడు ఇంటివాళ్ళలో ఇన్నాళ్ళకి దొరికాడు మరి. "దేశదేశాల మ్యాచ్‌లు చూసి తేల్చారు. గెలిచిన జట్లు బంతిని ఎక్కువసేపు దగ్గర పెట్టుకోలేదు. తెగ తన్నాయి. ఓడినవాళ్ళే బంతిని పట్టుకు వేలాడారు. అయితే..."

గవర్రాజు ఫోను పెట్టేశాడు. "అయితే" తర్వాత వచ్చేవి అనుమానాలే గాని లెక్కలు కావని అతని నమ్మకం.

మొదటి ఆట కొత్తరేవులో. ఏటి పాయ దాటాలి. పంటు పడవ మీద వెళ్తూ గవర్రాజు జట్టుకి బోధించాడు. "బంతి మన దగ్గరుంటే ఓటమి. వాళ్ళ దగ్గరుంటే గెలుపు. దొరికిందా, తన్నేయండి."

"ఎటు తన్నాలండీ?" అన్నాడు పేర్రాజు.

"ఎటని లెక్కలో లేదు. తన్నాయి, అంతే."

ఆట మొదలైంది. బంతి పేర్రాజు చేతికొచ్చింది. నిప్పు ముట్టుకున్నవాడిలా అదిరి, వెనక్కి తన్నాడు. దొరబాబు ఇంకా వెనక్కి తన్నాడు. కొత్తరేవు కెప్టెన్ అప్పాజీకి బంతి దొరికింది గాని, అడ్డం ఎవరూ లేకపోయేసరికి అనుమానం వచ్చి ఆగాడు.

"వెళ్ళండి బాబూ, వెళ్ళండి," అన్నాడు గవర్రాజు దారిస్తూ. "మీ దగ్గరే ఉండనివ్వండి. మాకొద్దు."

ఓసారి బంతి అప్పాజీ చేతిలోంచి జారిపడితే, గవర్రాజే తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ అతని చేతిలో పెట్టాడు. కొత్తరేవువాళ్ళు గీత దాటీ దాటీ అలిసిపోయారు. చివర్లో వాళ్ళే బతిమాలారు, "కాసేపు మీరూ పట్టుకోండి బాబాయ్, బాగోదు," అని. పీచులంకవాళ్ళు ససేమిరా అన్నారు.

ఎంత తేడాతో ఓడారో చెప్పటానికి కొత్తరేవు బోర్డు మీద చోటు చాలలేదు. గవర్రాజు మాత్రం ఛాతీ విరుచుకుని బావకి ఫోను చేశాడు.

"బావా, లెక్క అదిరిపోయింది! బంతి మా దగ్గర అసలు లేదు!"

"మరి గెలిచారా?"

"అదొక్కటే మిగిలిందండి."

బావ నిదానంగా అన్నాడు. "ఒరే, ముందు గెలిచే దారిలో ఉన్నారు కాబట్టి వాళ్ళు బంతిని దూరంగా తన్నగలిగార్రా. తన్నినందుకు గెలవలేదు. వేరే లెక్క చూడు. ఎదుటివాణ్ణి పట్టుకోబోయి జారవిడిచిన జట్లు ఓడాయి. పట్టు వదలనివాళ్ళు గెలిచారు. అయితే..."

ఫోను పెట్టేశాడు.

"పట్టుకుంటే వదలకూడదు," అన్నాడు గవర్రాజు జట్టుతో. "అదీ కిటుకు."

"ఎప్పుడు వదలాలండీ?" అన్నాడు దొరబాబు.

"నేను చెప్పినప్పుడు."

రెండో ఆట కూడా కొత్తరేవులోనే. ఈల మోగిందో లేదో ఏడుగురూ ఏడుగుర్ని పట్టుకున్నారు. బంతి మధ్యలో ఒంటరిగా పడుంది. దాన్ని తీసేవాడు లేడు, దాని మొహం చూసేవాడు లేడు. రిఫరీ వచ్చి, "వదలండయ్యా, పడేశాక వదిలెయ్యాలి," అని ఈల ఊదాడు. పేర్రాజు ఓ చేత్తో తన మనిషిని పట్టుకుని, రెండో చేత్తో రిఫరీ చొక్కా కూడా పట్టుకున్నాడు. పట్టు లెక్కలో ఒకటి కలుస్తుంది కదా అని! ఇంకేముంది, రిఫరీ ఆ చొక్కా అక్కడే విప్పేసి, బనీనుతో నిలబడి, ఆట కొత్తరేవు గెలిచినట్టు చెప్పి, పీచులంకవాళ్ళని బయటికి పొమ్మన్నాడు.

గవర్రాజు దిగులుగా పంటెక్కాడు. ఆ దిగుల్లో పడి ఒక్క మాట చెప్పటం మర్చిపోయాడు. పాయ సగం దాటాక పంటువాడు అడిగాడు, "ఏవండీ, వచ్చినప్పుడు ఏడుగురు. వెళ్ళేటప్పుడు ఎనిమిదేంటి?"

చూస్తే దొరబాబు చంకలో అప్పాజీ ఉన్నాడు.

"వదలరా నాయనా," అంటున్నాడు అప్పాజీ. అప్పటికి అరిచి అరిచి గొంతు పోయింది.

"కెప్టెన్ గారు చెప్పలేదండి," అన్నాడు దొరబాబు మర్యాదగా.

గవర్రాజుకి ఆ పట్టు చూసి కళ్ళు చెమర్చాయి. ఇంత మంచి పట్టుని నడి పాయలో పాడుచెయ్యటానికి మనసొప్పలేదు. ఇంటికే తీసుకెళ్ళారు.

"ఎవరయ్యోయ్ ఈయన?" అంది నూకరత్నం.

"కొత్తరేవు కెప్టెన్. పట్టులో ఉన్నాడు."

"పట్టులో ఉంటే మాత్రం, మనిషి వచ్చాక అన్నం పెట్టొద్దా?" అని ఆవిడ విస్తరేసింది. ఆ రోజు పండుగప్ప చేప పులుసు. దొరబాబు వెనక కూర్చుని నడుం పట్టుకునే ఉన్నాడు, అప్పాజీ ముందు కూర్చుని తిన్నాడు. మొదటి ముద్దకి ఏడుపు ఆపాడు. తర్వాత మాట ఆపాడు. ఆ తర్వాత, "ఇంకొంచెం పులుసు పోస్తావా అక్కా?" అన్నాడు. అప్పుడు గవర్రాజుకి గుర్తొచ్చి, "వదిలెయ్ దొరబాబూ," అన్నాడు. దొరబాబు వదిలాడు గాని అప్పాజీ లేవలేదు. "అప్పుడే వదిలేశారా?" అన్నాడు.

అలా రెండు ఆటలు పోయాయి. మిగిలింది ఒక్కటి. అది పీచులంకలోనే, తాతారావు గారి కళ్ళముందు. ఆయన ముందుచూపు గల మనిషి కాబట్టి రొయ్యల మేత బస్తాలు కూడా తెప్పించి మైదానం పక్కన దింపించాడు. వాటిని చూసినప్పుడల్లా గవర్రాజు మొహం తిప్పుకునేవాడు. ఇదీ పోతే తనని గారూ అనే చోటు ఈ భూమ్మీద ఉండదు. నూకరత్నాన్ని అడిగి చూశాడు కూడా, "ఇంట్లో నువ్వైనా కెప్టెన్ గారూ అంటావేటే?" అని. ఆవిడ అట్లకాడతోనే జవాబు చెప్పింది.

చివరికి బావ విశ్వనాథమే బస్సెక్కి వచ్చాడు. ఆట రోజు పొద్దున్నే జట్టునంతా వరండాలో కూర్చోబెట్టాడు.

"ఒరే, చెవులు పెట్టి వినండి. ఆట అయ్యాక అందులోంచి లెక్క పుడుతుంది. లెక్కలోంచి ఆట పుట్టదు. గెలిచినవాళ్ళ ఒళ్ళు చెమటతో తడిసి ఉంటుంది. అంతమాత్రాన నెత్తి మీద బిందెడు నీళ్ళు గుమ్మరించుకుంటే గెలిచేస్తామా?"

అందరూ ఆలోచనగా తలలూపారు. బావ సంతోషపడి లోపల కాఫీకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఏడుగురూ తల నుంచి పాదాల దాకా నీళ్ళోడుతూ నిలబడి ఉన్నారు.

"ఏంట్రా ఇది?"

"గెలుస్తామా అని అడిగారు కదండీ," అన్నాడు గవర్రాజు. "గుమ్మరించుకోకుండా ఎలా తెలుస్తుంది?"

బావ కాఫీ గ్లాసు కింద పెట్టి, తల పట్టుకుని వరండాలోనే కూర్చున్నాడు.

ఆట మొదలైంది. కొత్తరేవు జట్టు వచ్చి నిలబడింది గాని, వాళ్ళ చూపులేవీ బంతి మీద లేవు. అప్పాజీ ఊరికెళ్ళి పులుసు సంగతి చెప్పకుండా ఊరుకున్నాడా? ఒక్కొక్కడికీ ముల్లు తీసి చెప్పినట్టు చెప్పాడు. అంతే, ఈల మోగగానే ఆరుగురు ఆటగాళ్ళు బంతి వదిలేసి దొరబాబు వైపు పరుగెత్తారు.

"నన్ను పట్టుకో బాబాయ్!"

"తప్పుకోరా, ముందొచ్చింది నేను! నడుం ఇదిగో అన్నా, గట్టిగా పట్టుకో!"

"అప్పాజీ కిందటిసారి తిన్నాడు, వాణ్ణి పట్టుకోకు!"

దొరబాబుకి ఇన్ని నడుములు ఒక్కసారి ఎప్పుడూ దొరకలేదు. రెండు చంకల్లో ఇద్దర్ని ఇరికించుకుని, మిగతావాళ్ళని వరసలో నిలబడమన్నాడు. వాళ్ళు నిలబడ్డారు. బంతి దొర్లుకుంటూ వచ్చి గవర్రాజు కాలికి తగిలితే తీసి చంకన పెట్టుకున్నాడు. కొత్తరేవులో మిగిలిన ఒక్కడు మంచివాడు, ఆట ఆడదామనుకున్నాడు. వచ్చి గవర్రాజుని పట్టుకున్నాడు. ఒళ్ళంతా నీళ్ళేమో, చేపలా జారిపోయాడు గవర్రాజు. పరిగెత్తాడు. గీత దాటాడు. మేత బస్తాల దగ్గరికి వెళ్ళి బంతి నేలకి ఆనించి, దాని మీద పడుకుని, లేవటం మర్చిపోయాడు.

మళ్ళీ ఇంకెవరూ బంతి ముట్టుకోలేదు. పీచులంక గెలిచింది! కెప్టెన్ గారూ కెప్టెన్ గారూ అంటూ ఊరంతా గవర్రాజుని ఎత్తుకుంది. తాతారావు గారు మొహం చిన్నబుచ్చుకున్నా మాట మీద నిలబడ్డాడు. "నా చేత్తో నేను తవ్వించను. స్థలం మీదే," అని మేత బస్తాలు ఎత్తించేశాడు. నూకరత్నం కొత్తరేవువాళ్ళందరికీ విస్తళ్ళు వేసింది. దొరబాబు పట్టు మాత్రం వద్దంది.

సాయంత్రం బస్సు దగ్గర గవర్రాజు బావ చెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఇంతకీ ఏ లెక్క వల్ల గెలిచాం?"

విశ్వనాథం మధ్యాహ్నం నుంచీ అదే ఆలోచిస్తున్నాడు. బంతి ఎవరి దగ్గరా ఎక్కువసేపు లేదు. తన్నింది లేదు. పట్టుకున్నదంతా ఒక్కడే, అదీ వాళ్ళంతట వాళ్ళే వచ్చి పట్టుబడ్డారు. పులుసుకి ఏ లెక్కలోనూ గడి లేదు. బస్సు హారన్ కొడుతోంది. ఏదో ఒకటి చెప్పాలి.

"సొంత మైదానం రా. అక్కడ రెండూ ఓడారు, ఇక్కడ గెలిచారు. ప్రపంచంలో ఎక్కడ చూసినా సొంత మైదానం మీద ఆడినవాళ్ళే ఎక్కువ గెలుస్తారు. అయితే..."

గవర్రాజు బావని బస్సులోకి తోసేశాడు.

ఆ వెనకే కబురొచ్చింది. జిల్లా కప్పు ఆట. పీచులంకకీ కొత్తరేవుకీ. ఆడాల్సింది కొత్తరేవులో.

జట్టు డీలా పడిపోయింది. గవర్రాజు మాత్రం నవ్వాడు. "అక్కడ మన మైదానం లేకపోతే కదా ఓడేది? తీసుకెళ్దాం."

"దేన్నండీ?"

"మైదానాన్ని."

ఇంకేముంది! పారలొచ్చాయి, గునపాలొచ్చాయి, తట్టలొచ్చాయి. ఊరంతా దిగింది. జానెడు లోతు తవ్వి పేర్రాజు ఆగాడు. "చాలంటారా?"

"పైపైన తీసుకెళ్తే పైపై గెలుపే వస్తుంది. లోతుగా తవ్వండి!"

నడుం లోతు అయింది. మనిషి లోతు అయింది. నూకరత్నం మంచినీళ్ళు తెచ్చి గట్టు మీద నిలబడి కిందకి చూసింది. "ఏవయ్యోయ్, మొత్తం ఊడ్చుకుపోతే రేపొచ్చాక ఎక్కడాడతారు?"

"పిచ్చిదానా, పెట్టెలో బట్టలు ఊరికి తీసుకెళ్తే మళ్ళీ తెచ్చుకోమా?"

నూకరత్నం ఆలోచించింది. నిజమే అనిపించింది. ఆవిడా పీచులంక ఆడపడుచే కదా.

తాతారావు గారు గొడుగేసుకుని అటు వచ్చాడు. గుంట చూశాడు. వెడల్పు చూశాడు. పొడుగు చూశాడు. మొహంలో ఏదో వెలుగు మొదలైంది. "ఏం చేస్తున్నార్రా?"

"మైదానం కప్పు ఆటకి వెళ్తోందండి."

"అలాగా! నా ట్రాక్టర్లు కూడా తీసుకోండి. డీజిలు నేనే పోయిస్తాను. ఆ మూలన ఇంకొంచెం లోతు చెయ్యండర్రా, గెలుపు అక్కడే ఎక్కువుంటుంది."

"సర్పంచి గారు మారిపోయారు," అని గవర్రాజు చేతులు జోడించాడు.

మైదానం ట్రాక్టర్లెక్కింది, పంటెక్కింది, పాయ దాటి కొత్తరేవులో దిగింది. వాళ్ళ మైదానం మీద దీన్ని పరిచారు. కొత్తరేవువాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆట మొదలైంది. వదులుమట్టిలో పీచులంకవాళ్ళు మోకాలి దాకా దిగబడ్డారు. కొత్తరేవువాళ్ళూ దిగబడ్డారు గాని, ఈసారి పులుసు వండే మనిషి పాయకి అవతలుంది కాబట్టి శ్రద్ధగా ఆడారు. పీచులంక చిత్తుగా ఓడింది.

"ఎక్కడ తప్పిందిరా లెక్క?" అని గవర్రాజు మట్టిలో కూర్చుని తల బాదుకున్నాడు.

పేర్రాజు చాలాసేపు ఆలోచించి కనిపెట్టాడు. "అన్నయ్యా, వాళ్ళూ మన మైదానం మీదే ఆడారు! వాళ్ళ కాళ్ళ కింద మనం ఏదన్నా వేరేది వెయ్యాల్సింది!"

"నిజమేరా! సరే, మూట కట్టండి, తీసుకుపోదాం."

ఏది మూట కడతారు? మట్టీ మట్టీ కలిసిపోయింది. గవర్రాజు గుప్పెడు తీసి, "ఇది మనదేనా?" అని వాసన చూశాడు. దొరబాబు నాలిక్కి రాసుకుని, "సగం మనదే," అన్నాడు. ఆ సగం ఏదో తేలేలోపు వాన మొదలైంది. ఒక వాన కాదు, ముసురు. అంతా బురదైంది. చివరికి ఖాళీ తట్టలతో పంటెక్కారు.

ఊరికొచ్చి చూస్తే మైదానం ఉన్నచోట గట్టు నుంచి గట్టు దాకా నీళ్ళు. తాతారావు గారు గొడుగు కింద నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "నేను మాట తప్పలేదర్రా. గునపం ముట్టుకోలేదు. తవ్వింది మీరు, నింపింది వాన. రేపు రొయ్యపిల్లల్ని వదులుతున్నాను," అని వెళ్ళిపోయాడు.

గవర్రాజు గట్టు మీద నిలబడ్డాడు. గీత లేదు. గీత అవతల లేదు. దారినపోతున్న కాయల షావుకారు, "ఒరేయ్, రేపు పనికి తొందరగా రా," అని అరిచి పోయాడు. జట్టంతా తలలు దించుకుంది.

కాసేపటికి గవర్రాజు ఫోను తీశాడు. "బావా, ఒక్కటే అడుగుతాను. నీళ్ళలో ఆడి ఓడిపోయిన రగ్బీ జట్టు మీ లెక్కల్లో ఒక్కటన్నా ఉందా?"

"నీళ్ళలో రగ్బీ ఎవరాడతార్రా? ఒక్కటీ లేదు. అయితే..."

పెట్టేశాడు. మొహం వెలిగిపోయింది.

"ఒరే! నీళ్ళలో ఇంతవరకూ ఎవడూ ఓడలేదంట! ప్రపంచం మొత్తం మీద!"

అంతే, కెప్టెన్ గారు ముందు దూకాడు. వెనకే ఆరుగురూ దూకారు. పీకల్లోతు నీళ్ళలో నిలబడి, బంతి నెత్తిమీద పెట్టుకుని, పేర్రాజు అటూ ఇటూ చూశాడు.

"కెప్టెన్ గారండీ, గీత ఎక్కడుందండీ?"

"అడుక్కి పోయుంటుంది. వెతకండి!"

ఏడుగురూ ముక్కులు మూసుకుని ఒక్కసారే మునిగారు.